హస్తవాసి

కార్వేటినగరం నుంచి తిరుపతికి పోయే బస్సులో కండక్టరు ఆధార్ కార్డును ఒకసారి చూశాడు, కార్డిచ్చిన మనిషిని రెండుసార్లు చూశాడు. చూసి, కార్డును తిరిగి ఆమె ఒళ్ళో పడేశాడు.

"నీ కార్డు తియ్యవ్వా. ఇది నీ కూతురిది."

"నాదే నాయనా," అంది సమాధానమ్మ.

"ఆడోళ్ళకు టికెట్టు ఎట్లాగూ ఫ్రీయే గదా. దానికి కూతురి కార్డు ఎత్తుకోని తిరిగేదేంది? ఫొటోలో ఆయమ్మి ఎవురు, నువ్వెవురు?"

ఫొటో పదిహేనేళ్ళ నాటిది. అందులో ఉన్నామెకు నిండు బుగ్గలు, నల్ల జుట్టు. సమాధానమ్మ ఇంకేం చెప్పాలో తోచక, కిటికీ పక్కన కూర్చున్న ఆడమనిషి వైపు తిరిగి, "నువ్వన్నా సెప్పక్కా," అంది.

అంతే, బస్సు బస్సంతా గొల్లున నవ్వింది. జుట్టు నెరిసి, చెంపలు పీక్కుపోయి, చేతులు వణుకుతున్న ముసలమ్మ, పొడుగు నల్ల జడ వేసుకున్న మనిషిని పట్టుకుని అక్కా అనడం వాళ్ళెక్కడా విని ఉండలేదు మరి. కండక్టరు ఆ అక్కగారి కార్డు కూడా అడిగి పుచ్చుకున్నాడు. రెండింటి మీదా పుట్టిన తేదీ ఒకటే. "మీసేవాలో ఇద్దరికీ కలిపి ఒకటే తేదీ కొట్టిచ్చినాడే!" అని ఇంకో హాస్యమాడి, పోనీలే పాపమని టికెట్లు చించి ఇచ్చి ముందుకు పోయాడు.

మీసేవా వాడి తప్పేమీ లేదు. వాళ్ళిద్దరూ కవలలు. ముందు పుట్టినామె సంతోషమ్మ, వెనకాలే పుట్టినామె సమాధానమ్మ. చర్చిలో ఎక్కువగా వినబడే రెండు మాటలు ఏరుకుని వాళ్ళ నాయన ఆ పేర్లు పెట్టుకున్నాడు. చర్చిలో సమాధానం అంటే శాంతి. బయట సమాధానం అంటే జవాబు. నలభై ఒక్క ఏళ్ళలో ఆమెకు మొదటిది దొరికిందీ లేదు, రెండోది ఎవరూ ఆమెను అడిగిందీ లేదు.

బస్సు నవ్వినందుకు ఆమె పెద్దగా నొచ్చుకోలేదు. సంతోషమ్మ నోరు విప్పనందుకు నొచ్చుకుంది. "అవును, నా చెల్లెలే" అని ఒక్క ముక్క అనుంటే పోయేదానికి, ఆమె పుత్తూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది.

సంతోషమ్మ తిరుచానూరులో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేస్తుంది. క్రిస్మస్‌కు చెల్లెలి ఇంటికి వచ్చి, కొత్త సంవత్సరం ఆరాధన కూడా చూసుకుని ఇప్పుడు తిరిగి పోతోంది. సమాధానమ్మ ఆమెతో పాటు బయలుదేరింది తిరుపతి పెద్దాసుపత్రికి. చెయ్యి వణుకు మొదలై రెండేళ్ళయింది. ఆయాసం ఇంకా ముందు నుంచే ఉంది. కానీ ఆమెను బస్సెక్కించినది వణుకూ కాదు, ఆయాసమూ కాదు. కూతురు జెస్సీ.

సమాధానమ్మ మామిడి తోటల్లో మందు కొట్టే ముఠా మనిషి. మొగవాళ్ళు గన్ను పట్టుకుని చెట్టు చెట్టుకీ మందు చిమ్ముతారు. ఆడవాళ్ళు పైపు లాగుతారు, నీళ్ళు పోస్తారు, డ్రమ్ములో మందు కలుపుతారు. గంధకం పొడి ఉంది చూశారూ, అది నీళ్ళలో పడగానే ముద్దలు కడుతుంది. ఆ ముద్దల్ని చేత్తో పిసికి, పురుగుమందు పోసి, మోచేతి దాకా ముంచి కలపాలి. పందొమ్మిదేళ్ళ వయసులో, పెళ్ళయిన కొత్తలో, ఆ డ్రమ్ము దగ్గర నిలబడింది సమాధానమ్మ. ఆ ఏడు తోటలన్నీ విరగకాశాయి. దాంతో మేస్త్రీ దయానంద్ ఒక మాట పుట్టించాడు. "సమాధానం హస్తవాసి మంచిదప్పా. ఆయమ్మి చెయ్యి పెట్టి కలిపితే పురుగు నిలవదు."

హస్తవాసి అంటే మామూలుగా వైద్యుడికి చెప్పే మాట. కూలికి పోయే పిల్లకు ఆ మాట తగిలిస్తే ఎలా ఉంటుంది? పొంగిపోయింది. రైతులు మేస్త్రీకి కబురు పెట్టేటప్పుడే "సమాధానమ్మ వస్తాదా?" అని అడిగేవాళ్ళు. అక్కడ కలిపే కట్టె ఉన్నా ఆమె ముట్టుకునేది కాదు. చర్మం పొరలుగా ఊడినప్పుడు కొబ్బరినూనె రాసుకుంది. ముప్పై అయిదేళ్ళకే ముట్లు నిలిచిపోతే ఎవరికీ చెప్పుకోలేదు. భర్త పోయాక ఆ పేరే ఆమెకు ఇంత అన్నం పెట్టింది.

ఇప్పుడు చెయ్యి వణుకుతోంది కాబట్టి దయానంద్ కొత్త సంవత్సరం మర్నాడు ఇంటికొచ్చి, చెడ్డ ఉద్దేశమేదీ లేకుండా, నవ్వుతూనే చెప్పాడు. "తల్లి హస్తవాసి బిడ్డకు రాకుండా యాడికి పోతాది? బుధవారం గిరిప్రసాద్ తోటలో జెస్సీని డ్రమ్ము కాడ పెడదాం. నువ్వు కూసోని సూపించు, సాలు."

పద్దెనిమిదేళ్ళ జెస్సీ వెంటనే తలూపింది. "నువ్వింక సేసింది సాలు మా, నేను పోతా," అంది. తల్లి మీద ప్రేమతో అన్నదే. ఆ ప్రేమ చూసే, తన ఒంటికి ఏమయిందో తేల్చుకోవాలని సమాధానమ్మ బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు ఐశ్వర్య. చిన్నపిల్ల, కానీ ఓపిక ఉన్న పిల్ల. ముందు సంతోషమ్మతోనే మాట కలిపింది. "మీ అమ్మగారికి ఈ వణుకు ఎన్నాళ్ళ నుంచి?"

"నేను అమ్మను కాదు మేడం, చెల్లెల్ని," అంది సమాధానమ్మ. "ఇద్దురం ఒక కాన్పులో పుట్టినాం."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఇద్దరినీ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి మొహాలు చూసింది. చెవులు చూసింది, గోళ్ళు చూసింది. చేతులు చాపమని చూసింది. ఏం పని చేస్తారని అడిగింది. మందు దేంతో కలుపుతారని అడిగింది.

"సేత్తో."

"గ్లవుజులు లేకుండానా?"

"గ్లవుజులేస్తే ముద్ద సేతికి తెలీదు మేడం."

డాక్టరమ్మ తిట్టలేదు. రక్తం తీయించింది, ఊపిరి ఊదించింది, మధ్యాహ్నం మళ్ళీ పిలిచి నిదానంగా చెప్పింది. మనిషికి కాగితం మీద వయసు ఒకటుంటే ఒంటి వయసు ఇంకొకటి ఉంటుందట. ఒళ్ళు రోజూ ఎంతో కొంత దెబ్బ తింటూనే ఉంటుంది, రోజూ తనను తాను బాగు చేసుకుంటూనే ఉంటుంది. వానకు తెగిన గట్టును మర్నాడు మట్టేసి కప్పుకున్నట్టు. కానీ వాన తెరిపి ఇవ్వకపోతే కప్పేవాడు ఎంతకని కప్పుతాడు? మందు, ఎండ, పొయ్యి పొగ, చాలీచాలని తిండి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడితే గట్టు తెగిన చోట తెగినట్టే ఉండిపోతుంది. ఒంట్లోపల ప్రతి కణంలోనూ అదే జరుగుతుంది. దాన్నే మనం ముసలితనం అంటాం.

"అయితే ఇదంతా మందు వల్లేనా మేడం?"

"ఒక్క మందు వల్లే అని నేను ప్రమాణం చేసి చెప్పలేనమ్మా. కానీ మీరిద్దరూ ఒకే కడుపున పుట్టారు, ఒకే కంచంలో తిని పెరిగారు. ఆమె ఎండలో నడవలేదా, పొగలో వండలేదా? ఆమె బతుకులో లేనిదీ, మీ బతుకులో ఉన్నదీ ఆ డ్రమ్మే కదా. వెంటనే మానెయ్యండి. పోయిన వయసు మొత్తం తిరిగి రాదు. పోయే వేగం మాత్రం తగ్గుతుంది, కొంత కోలుకుంటారు కూడా."

"నా సంగతి ఇడిసిపెట్టండి మేడం. పద్దెనిమిదేండ్ల బిడ్డ ఇప్పుడు డ్రమ్ములో చెయ్యి పెడితే?"

డాక్టరమ్మ సమాధానమ్మ చేతి మీద తన చెయ్యి వేసింది. అంతకంటే వివరంగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం తిరుచానూరులో లాడ్జి గుమ్మం దగ్గర పూలమ్మే శకుంతలమ్మ వాళ్ళిద్దరినీ చూసి చనువుగా పలకరించింది. "ఏం సంతోషం, మీ అమ్మను పిల్సుకోని వచ్చినావా? నీ పోలికే."

సంతోషమ్మ "ఊ" అంది. అని మెట్లెక్కింది.

సమాధానమ్మ మెట్ల మలుపు దాకా ఊరుకుంది. అక్కడ ఆయాసానికి ఆగి, అక్క చెయ్యి పట్టుకుంది. "నేను నీకు అమ్మనా?"

సంతోషమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "నోరు రాల్యా చెల్లీ. నా చెల్లెలని సెప్తే, ఇట్లెందుకైందని అడుగుతారు. నేనేమని సెప్పేది? ఒక తల్లి బిడ్డలం, నేనిట్లా ఉండాను, నువ్వట్లయిపోయినావు. నీ పక్కన నిలబడాలంటే నాకు సిగ్గయితాది."

సమాధానమ్మకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఆ రెండింటినీ తోసుకుంటూ ఒక ఆలోచన వచ్చింది. అవును, అడుగుతారు. ఇలా ఎందుకయిందని అందరూ అడుగుతారు. అడగాలి.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు లే," అంది. "బుధవారం పొద్దునే గిరిప్రసాద్ తోటకు రా. నీ మొగం కావాల నాకు."

"నా మొగమేం జేసుకుంటావు?"

"నా పక్కన పెట్టుకుంటా."

ఊరికి తిరిగి వచ్చాక రెండు రోజులు సమాధానమ్మ ముఠాలోని ఆడవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. మాటలతో ఎవరూ లొంగలేదు. గురవమ్మ అయితే మొహం మీదే చెప్పేసింది. "మందు మానేస్తే తినేది మన్నా? మనం కాదంటే అరవనాడు నుంచి పిల్సుకోని వస్తారు." జెస్సీ ఇంకా మొండి. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ తల్లిని ఇలాగే చూసింది. తల్లులంటే ఇలాగే ఉంటారనుకుంది. సమాధానమ్మ ఎవరితోనూ వాదించలేదు. "బుధవారం డ్రమ్ము కాడ నేను ఒక మాట సెప్తా. ఇన్నాక మీ ఇష్టం. ఇనేదాకా మాత్రం ఎవురూ మూత తియ్యొద్దు," అని ఒట్టేయించుకుంది, అంతే.

బుధవారం నాటికి తోట తోటంతా పూత మీద ఉంది. బెంగుళూరా మామిడి చెట్లు ఆకు కనబడకుండా పూశాయి. కొమ్మ కదిపితే తేనెమంచు పురుగు పొట్టులా లేస్తోంది. అది పూతను పీల్చేసిందంటే ఆ ఏటికి కాపు లేనట్టే. వారం ఆగడానికి లేదు, అప్పటికప్పుడు ఇంకో ముఠా దొరకదు. ఈ సీజన్లో ముఠాలన్నీ ఏదో ఒక తోటలో ఉంటాయి. ఆ సంగతి రైతుకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. గురవమ్మ భయంలో ఆ ముక్క మర్చిపోయింది, సమాధానమ్మ మర్చిపోలేదు.

నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మందు డబ్బాలు దిగాయి. ఆడవాళ్ళంతా డ్రమ్ము చుట్టూ కూర్చున్నారు, కానీ ఎవరూ మూత తీయలేదు. దయానంద్ బతిమాలాడు, కసిరాడు, చివరికి ఫోన్ తీశాడు. తిరుపతిలో కాపురముండే గిరిప్రసాద్ అప్పటికే దారిలో ఉన్నట్టున్నాడు, కాసేపట్లో కారు తోటలోకి వచ్చింది.

"ఏందప్పా దయానందూ, పూత మాడిపోయినాక కొడతారా మందు?" అంటూ దిగాడు. కూర్చున్న ఆడవాళ్ళను చూశాడు. అందరిలోకీ పెద్దదిగా కనిపించినామె దగ్గరికి వచ్చి, మర్యాదగానే, గొంతు తగ్గించి అన్నాడు. "అవ్వా, పెద్దదానివి. నువ్వన్నా సెప్పు ఈళ్ళకు."

సమాధానమ్మ లేచి నిలబడింది.

"నేను పెద్దదాన్నా సామీ? మీ పెండ్లికి నేను పావడా కట్టుకోని వచ్చినాను."

గిరిప్రసాద్‌కు అర్థం కాలేదు.

"ఎంగిలాకులు ఎత్తినందుకు మీ అమ్మ యశోదమ్మ నాకొక లడ్డు ఇచ్చింది. మా అక్క పోయి సెయ్యి సాపితే, నీకిందాకే ఇస్తినే, మళ్ళీ వస్తివా దొంగమొగమా అని అరిసింది. అప్పుడు మా నాయన ఇద్దర్నీ తీసుకోనొచ్చి పక్కపక్కన నిలబెడితే, నవ్వి నవ్వి ఇంకో రెండు లడ్లు ఇచ్చింది. గుర్తుండాదా?"

గిరిప్రసాద్ మొహం మారింది. గుర్తు లేకపోవడమేమిటి? ఆ లడ్ల కథ వాళ్ళమ్మ ప్రతి పెళ్ళిలోనూ చెప్పేది. "మీరు ఆ కవలల..." అని, అమ్మా అనాలో చెల్లీ అనాలో తెలియక ఆగిపోయాడు.

"అక్కా, రా," అంది సమాధానమ్మ.

చెట్టు వెనక నుంచి సంతోషమ్మ వచ్చింది. వచ్చి చెల్లెలి భుజానికి భుజం ఆనించి, ఆనాడు పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టే నిలబడింది. ఇద్దరికీ ఒకటే ఎత్తు, ఒకటే ముక్కు, ఎడమ చెవి కింద ఒకటే మచ్చ. ఇన్నేళ్ళుగా సంతోషమ్మ ఎప్పుడో పండగలకు వచ్చి పోయే చుట్టమే కానీ, ఇద్దరినీ ఇలా పట్టపగలు పక్కపక్కన పెట్టి ఎవరూ పోల్చి చూడలేదు. గురవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది నా చెల్లెలు సామీ," అంది సంతోషమ్మ. తర్వాత తోటంతా వినబడేలా అంది. "నాకు అమ్మ కాదు, అవ్వ కాదు. చెల్లెలు! నాకంటే చిన్నది!"

దయానంద్ అడ్డం వచ్చాడు. "ఆయమ్మ టౌన్లో నీడపట్టున ఉండాది. ఈయమ్మ ఎండలో పని జేసింది. దానికి మందేం జేస్తాది?"

సంతోషమ్మ తన అరచేతులు తిప్పి అతని మొహం ముందు పెట్టింది. నిండా కాయలు. "నాలుగంతస్తులు బకెట్లు మోస్తాండానప్పా. పనికి మనిషి అరిగేది నాకు తెల్సు. ఇది అరుగుడు కాదు."

సమాధానమ్మ తన చెయ్యి చాపింది. ఆపుకుందామన్నా ఆగకుండా వణుకుతోంది. "ఇదేనప్పా నువ్వు మెచ్చుకున్న హస్తవాసి. దీన్నే నా బిడ్డకు ఇస్తానంటివి."

జెస్సీ లేచి వచ్చింది. పెద్దమ్మ మొహాన్ని కొత్తగా, ఎన్నడూ చూడనట్టు చూసింది. ఆ నిండు బుగ్గల వంక, నల్ల జడ వంక చూసి, తల్లి వైపు తిరిగింది.

"నువ్వు ఇట్లుండాల్సినదానివా మా?"

అని భోరుమంది. సమాధానమ్మ కూతుర్ని పొదువుకుంది కానీ తాను ఏడవలేదు. ఏడ్చే పని ఇంకా ఉందని ఆమెకు తెలుసు, దానికి ఇది వేళ కాదని కూడా తెలుసు. కూతురి తల మీదుగానే చెప్పాల్సింది చెప్పింది. మందు కట్టెతోనే కలపాలి. చేతులకు మోచేతి దాకా గ్లవుజులు, మొహాలకు మాస్కులు రావాలి. కడుక్కోవడానికి వేరే నీళ్ళు, సబ్బు కావాలి. తడి ఆరేదాకా చెట్ల కిందకు ఎవరినీ పంపకూడదు. మీసం రాని పిల్లలను, పెండ్లి కాని పిల్లలను డ్రమ్ము దగ్గరికి రానీయకూడదు.

"ఇయ్యన్నీ వచ్చినాకే మూత తీసేది," అంది గురవమ్మ వెనక నుంచి. మన్ను తినాలా అని అడిగిన గురవమ్మే.

గిరిప్రసాద్ తోట వైపు చూశాడు, పూత మీద ముసురుతున్న పురుగును చూశాడు. మనసు కరిగిందా, పూత పోతుందని భయపడ్డాడా అంటే రెండూ ఉన్నాయని చెప్పాలి. అయినా రైతు కదా, ఒక అనుమానం వదల్లేదు. "కట్టెతో కలిపితే సరిగ్గా కలవదంటారే. పురుగు సావకపోతే ఎవురు సమాధానం చెప్పేది?"

"నేనే సెప్తా సామీ," అంది ఆమె. "నా పేరే అది."

డ్రైవరు పుత్తూరు పోయి అన్నీ తెచ్చేసరికి ఎండ వాలింది. కానుగ కొమ్మ ఒకటి నరికి, చివర పలక కొట్టి, గురవమ్మ గ్లవుజులు తొడుక్కుని కలిపింది. సమాధానమ్మ గాలి వచ్చే వైపున, దూరంగా నిలబడి, ముద్ద ఎక్కడ మిగిలిందో అరిచి చెప్పింది. జెస్సీ పెద్దమ్మతో కలిసి గట్టు అవతల కూర్చుంది. పొరపాటున కూడా ఇటు రానివ్వలేదు తల్లి.

శుక్రవారం పొద్దున దయానంద్ ఇంటికే వచ్చి సమాధానమ్మను తోటకు పిలుచుకుపోయాడు. చెట్ల కింద ఎండుటాకుల మీద పురుగు చచ్చి పడి ఉంది, ఎప్పటిలాగే. పూత చెక్కు చెదరలేదు. దయానంద్ ఆ కానుగ కట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని హస్తవాసి కూడా మంచిదేనబ్బా!" అన్నాడు ఆశ్చర్యపోయి.

సమాధానమ్మకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే చెట్టు మొదట్లో కూలబడి, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఏడ్చింది. ఒక కట్టె చెయ్యగలిగిన పనికి ఇరవై రెండేళ్ళు తన చెయ్యి పెట్టింది. మెచ్చుకున్నారు కదా అని పెట్టింది. దయానంద్ ఏం చెయ్యాలో తెలియక కట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అతనికీ కళ్ళు తడిశాయి.

చాలాసేపటికి ఆమె ముక్కు చీది, మొహం తుడుచుకుని లేచింది. అతని చేతిలోంచి కట్టె లాక్కుని భుజాన వేసుకుంది.

"రేపు యా తోటప్పా?"

"వెదురుకుప్పం పక్క. ఆ రైతు శానా మొండోడు. కట్టె గిట్టె అంటే ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే ఏం?" అంది సమాధానమ్మ, నడక మొదలుపెడుతూ. "మా అక్కకు ఫోన్ కొట్టు. ఆయమ్మి మొగం ఇంకా శానా తోటలు తిరగాల."